ఆ నారబట్ట యేసుదేనా? అమ్మకు ఏమని చెప్పను?

ఇటలీలోని టూరిన్ నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరమిది. పేరూ ఊరూ బయటపెట్టవద్దన్నారు. ఉత్తరం పెద్దది, కుదించి చెబుతున్నాను.

ఆయన వయసు ఇరవై తొమ్మిది. సొంతూరు గుంటూరు జిల్లాలో ఒక పల్లె. తాతముత్తాతల కాలం నుంచి ఆర్సీఎం (రోమన్ కతోలిక) కుటుంబం. పై చదువుకు టూరిన్ వెళ్లి అక్కడే ఉద్యోగంలో కుదురుకున్నారు. ఊళ్లో వాళ్లింటి ముందు గదిలో, సిలువ పక్కన ఒక నలుపు-తెలుపు పటం ఉండేది. మూసిన కళ్లు, పొడుగాటి ముక్కు, రెండు పాయలుగా విడిన గడ్డం. యేసు దేహాన్ని చుట్టిన బట్ట అని చెప్పుకునే టూరిన్ వస్త్రం మీద కనిపించే ముఖమది. ఇటలీ వెళ్లొచ్చిన ఒక ఫాదరుగారు వాళ్ల నాన్నకు ఇచ్చారట. నాన్న రోజూ రాత్రి జపమాల చెప్పుకునేది ఆ పటం ముందే. కిడ్నీలు పాడై మంచాన పడ్డాక పటాన్ని దించి తలదిండు పక్కన పెట్టించుకున్నారు. కన్నుమూసినప్పుడు కూడా అది అక్కడే ఉంది.

మొన్న డిసెంబరులో నాన్న రెండో ఏటి పూజకు ఈయన సెలవు పెట్టి వచ్చారు. భోజనాలయ్యాక అందరూ వరండాలో కూర్చున్నారు. అక్కగారి భర్త పెంతెకొస్తు సంఘానికి వెళతారు. పటాలకూ బొమ్మలకూ మొక్కడం ఆయనకు గిట్టదు. "నువ్వు ఆ ఊళ్లోనే ఉంటున్నావు కదా, అది యేసు బట్టేనా? నిజం చెప్పు" అని బావ అడిగారు. ఈయన "కాదు బావా, 1988లోనే కార్బన్ పరీక్ష చేసి తేల్చేశారు. పద్నాలుగో శతాబ్దంలో ఎవడో పెయింటరు వేసిన దొంగబట్ట" అన్నారు. బావ నవ్వి, "విన్నారా అత్తయ్యా?" అన్నారు. ఎంగిలి కంచాలు ఎత్తుతున్న అమ్మ ఏమీ అనకుండా కంచాల దొంతి పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. తెల్లారి చూస్తే గోడకు మేకు మాత్రమే ఉంది. పటం ఉన్నంత మేర సున్నం తెల్లగా మిగిలింది.

తిరుగు ప్రయాణం రోజు పచ్చడి సీసాలకు గుడ్డ చుడుతూ అమ్మ ఒక్క మాట అడిగింది: "అయితే మీ నాన్న ఇన్నేళ్లూ మోసపోయాడంటావా?" ఈయన జవాబు చెప్పలేకపోయారు.

ఇప్పుడు కుటుంబం వాట్సాప్ గ్రూపులో రోజూ యుద్ధమే. బావ ఆ బట్ట దొంగదని వీడియోలు పెడతారు. ఊళ్లో చర్చి ఉపదేశిగా ఉన్న మేనమామ, కార్బన్ పరీక్షే తప్పని తేలిందంటూ వేరే వీడియోలు పెడతారు. అమ్మ అన్నీ చూస్తుంది, దేనికీ బదులివ్వదు. మే నెలలో కొడుకు దగ్గరికి వచ్చి ఆ వస్త్రం ఉన్న గుడిలో పూజ చూడాలన్నది ఆమె కోరిక. టికెట్లు కూడా అయిపోయాయి. ఇప్పుడేమో "ఎందుకులే నాన్నా, డబ్బు దండగ" అంటోంది.

ఆయన అడిగినవి ఇవి. అసలు నిజమేమిటి? నేను చెప్పింది తప్పని అమ్మతో అబద్ధమాడనా? బావ నోరు ఎలా మూయించాలి? అమ్మను ఇక్కడికి తీసుకురావాలా, వద్దా?

*

మీ ఉత్తరం చదివి చాలాసేపు ఆ మేకు దగ్గరే ఆగిపోయాను. ఆ సాయంత్రం వరండాలో మిమ్మల్ని అడిగిన ప్రశ్న ఒకటి, అమ్మకు వినబడ్డ ప్రశ్న మరొకటి. బావ అడిగింది బట్ట వయసు. అమ్మకు వినబడింది భర్త ప్రార్థన గురించి. రెండింటికీ మీ నోట ఒకే జవాబు వచ్చింది. కాబట్టి ముందు బట్ట సంగతి తేల్చుకుని, తర్వాత అమ్మ దగ్గరికి వద్దాం. బట్ట విషయంలో మీకే స్పష్టత లేకపోతే అమ్మతో ఏం మాట్లాడినా మళ్లీ తడబడతారు.

తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. అది సుమారు 4.4 మీటర్ల పొడవు, 1.1 మీటర్ల వెడల్పు ఉన్న నారబట్ట. దాని మీద ఒక మనిషి ఆకారం ముందువైపూ వెనకవైపూ, తలకు తల ఎదురుగా, పలచటి గడ్డిరంగులో ఉంటుంది. మణికట్టు దగ్గర, పక్కలో, నుదుటి మీద నెత్తుటి మరకల్లాంటివి కనిపిస్తాయి. సిలువ మీది నుంచి దించిన యేసు దేహాన్ని చుట్టిన బట్ట ఇదేనని నమ్మేవారు ప్రపంచమంతా ఉన్నారు. దీని చరిత్ర పక్కాగా మొదలయ్యేది మాత్రం 1350ల్లో, ఫ్రాన్సులోని లిరే అనే చిన్న ఊళ్లో. జోఫ్రా ద షార్నీ అనే యోధుడి కుటుంబం దగ్గర ఉండేది. 1453లో ఆయన మనవరాలు మార్గరెట్ దాన్ని సవోయ్ ప్రభువులకు అప్పగించింది. 1532లో షాంబెరీ గుడిలో మంటలు లేచి, బట్ట పెట్టిన వెండిపెట్టె కరిగి, ఆ వెండి మడతల్లోంచి కాల్చుకుంటూ పోయింది. తర్వాత సన్యాసినులు మాసికలు వేశారు. 1578లో టూరిన్ చేరింది. అప్పటి నుంచి, యుద్ధకాలాల్లో తప్ప, మీ ఊళ్లోనే ఉంది.

ఇక మీరు చెప్పిన పరీక్ష. 1988 ఏప్రిల్‌లో బట్ట ఒక మూల నుంచి చిన్న పీలిక కత్తిరించి ఆక్స్‌ఫర్డ్, జ్యూరిక్, అమెరికాలోని అరిజోనా ప్రయోగశాలలకు పంచారు. దాంతోపాటు వయసు ముందే తెలిసిన మరో మూడు పాత బట్టల నమూనాలూ ఇచ్చారు. అందులో ఒకటి ఈజిప్టు మమ్మీకి చుట్టినది. ఆ మూడింటి వయసూ సరిగ్గానే వచ్చింది. టూరిన్ బట్టకు వచ్చిన జవాబు 1260 నుంచి 1390 మధ్య అని. లిరేలో అది తొలిసారి కనిపించిన కాలమూ అందులోనే పడుతుంది. నాకు ఎక్కువ బరువుగా తోచేది ఇదే. పాత కాగితాలు ఒకవైపు నుంచి, ప్రయోగశాలలు మరోవైపు నుంచి బయల్దేరి ఒకే చోట కలిశాయి. అక్టోబరు 13న ఈ ఫలితాన్ని లోకానికి చెప్పింది చర్చి వ్యతిరేకులెవరో కాదు, టూరిన్ ఆర్చిబిషప్పు కార్డినల్ బలెస్ట్రేరో. కత్తిరించడానికి అనుమతిచ్చిందీ చర్చే, వచ్చిన జవాబు దాచకుండా చెప్పిందీ చర్చే. ఈ సంగతి మీ అమ్మకు ఎవరూ చెప్పి ఉండరు.

మీ మేనమామ పంపే వీడియోల్లో మూడు వాదనలు తప్పకుండా ఉండి ఉంటాయి. ఊహించి చెబుతున్నాను. ఒకటి, కత్తిరించిన మూల అసలు బట్ట కాదని, తర్వాత కలిపి నేసిన మరమ్మతు అని. 1978లో బట్టను పరిశీలించిన బృందంలోని రసాయన శాస్త్రవేత్త రేమండ్ రోజర్స్ 2005లో ఈ మాట రాశారు. ఆయన ఆషామాషీ మనిషి కాదు, కొట్టిపారెయ్యకూడదు. కానీ 2002లో ఆ బట్టను చేతుల్లోకి తీసుకుని, మాసికలు విప్పి, బాగుచేసిన వస్త్ర నిపుణురాలు మెక్తిల్డ్ ఫ్లూరీ-లెంబర్గ్ అక్కడ అలాంటి అతుకు నేత ఏదీ లేదన్నారు. పైగా లెక్క కూడా ఒప్పుకోదు. మొదటి శతాబ్దపు బట్ట పద్నాలుగో శతాబ్దపుదిగా కనబడాలంటే ఆ పీలికలో సగానికి మించి కొత్త దారమే ఉండాలి. అంత కొత్త దారం నిపుణుల కళ్లు గప్పడం కష్టం.

రెండోది, 2019లో వచ్చిన లెక్కల పత్రం. మూడు ప్రయోగశాలల ముడి అంకెలు బయటికి తెప్పించి చూస్తే అవి ఒకదానితో ఒకటి పూర్తిగా పొసగలేదని తేలింది. ఇది నిజమైన లోపమే. మళ్లీ పరీక్ష చెయ్యాలనడానికి మంచి కారణం. మొదటి శతాబ్దపు బట్ట అనడానికి మాత్రం అది చాలదు. మూడోది, 2022లో ఇటలీ శాస్త్రవేత్తలు ఒక దారప్పోగు మీద చేసిన ఎక్స్‌రే పరీక్ష. ఆ పోగు రెండు వేల ఏళ్లదానిలా ఉందన్నారు. అయితే ఇన్ని శతాబ్దాలూ బట్ట ఒక మోస్తరు వేడిలో, ఒక మోస్తరు తేమలో ఉందన్న షరతు మీద ఆ మాట నిలబడుతుంది. కరిగిన వెండి పడి కాలిన బట్టకు ఆ షరతు ఎంత నప్పుతుందో మీరే ఆలోచించండి.

కాబట్టి నన్ను సూటిగా అడిగారు గనుక సూటిగానే చెబుతాను. ఇప్పటిదాకా ఉన్న ఆధారాలన్నీ తూచితే, ఆ నారబట్ట పద్నాలుగో శతాబ్దం నాటిదనే నేను అనుకుంటున్నాను. వయసు విషయంలో ఆ రోజు మీరు తప్పు చెప్పలేదు.

తప్పు చెప్పింది మిగతా సగంలో. "ఎవడో పెయింటరు", "దొంగబట్ట". ఈ రెండు మాటలూ ఆ పరీక్ష చెప్పలేదు. కార్బన్ పరీక్ష నార ఎప్పటిదో చెబుతుంది. దాని మీద బొమ్మ ఎలా వచ్చిందో, వేసినవాడి మనసులో ఏముందో చెప్పదు. 1978లో అమెరికా శాస్త్రవేత్తల బృందం అయిదు రోజులపాటు రాత్రింబవళ్లు ఆ బట్టను పరిశీలించి, ఇది చిత్రకారుడు రంగులతో వేసింది కాదని 1981లో తేల్చింది. అదే బట్ట మీద నుంచి తీసిన నమూనాలను సూక్ష్మదర్శిని కింద చూసిన వాల్టర్ మెక్‌క్రోన్ మాత్రం ఎర్రమట్టి రంగు ఉంది, ఇది చిత్రమే అన్నారు. ఆ పేచీ ఇవాళ్టికీ తెగలేదు. ఆకారం దారాల పైపై పోగుల మీదే ఉంది, లోపలికి ఇంకలేదు. ఎలా చేశారన్నదానికి అందరూ ఒప్పుకున్న జవాబు లేదు.

"పెయింటరు" అన్న మాటకు ఒక పాత ఆధారం ఉంది, కాదనను. 1389లో ఫ్రాన్సులోని త్రువా బిషప్పు పియేర్ దార్సీ, అవిన్యోన్‌లో పోపుగా చెలామణీ అవుతున్న ఏడవ క్లెమెంటుకు ఉత్తరం రాశారు (ఈ క్లెమెంటును అసలు పోపుల వరసలో చర్చి లెక్కించదు). తనకు ముందున్న బిషప్పు విచారణ జరిపితే, బట్టను నేర్పుగా చిత్రించినవాడే దొరికాడని అందులో ఉంది. జనాన్ని నమ్మించి డబ్బు గుంజుతున్నారని దార్సీ కోపం. ఆ ఉత్తరానికి వచ్చిన జవాబును మాత్రం జాగ్రత్తగా చూడండి, మీ ఇంటి గొడవకు పనికొచ్చేది అదే. 1390లో క్లెమెంటు ఆ బట్టను తగలబెట్టమనలేదు, దాచెయ్యమనీ అనలేదు. చూపించుకోండి, కానీ జనం నిండుగా ఉన్నప్పుడు గట్టిగా ఒక మాట చెప్పండి, ఇది ప్రభువు అసలు బట్ట కాదు, దానికి ప్రతిరూపం అని ఆదేశించారు.

ప్రతిరూపం. ఆరువందల ఏళ్ల నాటి ఆ మాటకూ మీ "దొంగబట్ట"కూ మధ్య ఎంత దూరముందో చూడండి. దొంగబట్ట అంటే మోసం చేసినవాడొకడు, మోసపోయినవాడొకడు ఉండాలి. ప్రతిరూపమంటే అలా కాదు. ఈస్టరు రోజు ఖాళీ సమాధి ఘట్టాన్ని గుళ్లో ఆడి చూపించడం ఆ కాలపు యూరపులో ఆచారం. అలాంటి వేడుక కోసమే ఈ బట్ట తయారై ఉంటుందని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. అదే నిజమైతే చేసినవాడు భక్తుడే. అసలుదని చెప్పుకున్నది తర్వాతివాళ్లు.

ఇక మీ అమ్మ ప్రశ్న. మీ నాన్న మోసపోయారా?

ఆ పటం గురించి మీకు తెలియనిది ఒకటి ఉందనుకుంటాను. 1898 మే నెలలో సెకోండో పియా అనే టూరిన్ వకీలు ఆ బట్టను తొలిసారి ఫొటో తీశారు. రాత్రి చీకటిగదిలో గాజుపలకను మందునీళ్లలో కడుగుతుంటే, నెగెటివ్ మీద వెలుగునీడలతో ఒక నిండైన ముఖం తేలింది. బట్ట మీద కంటికి అలా కనిపించదు. దగ్గరికి వెళితే మరక, నాలుగడుగులు వెనక్కి వేస్తే మసక ఆకారం. ప్రపంచమంతా పటం కట్టించుకున్న ఆ ముఖం నెగెటివ్‌లో తేలిన ముఖమే. మీ ముందు గది గోడకు ఉన్నదీ ఆ ముఖమేనని మీ వర్ణన బట్టి చెప్పగలను. అంటే మీ నాన్న ప్రార్థన చేసుకుంది బట్టకు కాదు. బట్టకు తీసిన ఫొటో నెగెటివ్‌కు తీసిన కాపీకి, అద్దం వెనకున్న కాగితానికి. అది కాగితమని ఆయనకు తెలియదా? తెలుసు. కాగితం దాటి చూస్తున్నానని కూడా తెలుసు. డయాలిసిస్ నుంచి వచ్చి ఒళ్లంతా నొప్పులతో పడుకున్న మనిషికి, దెబ్బలు తిన్న ఇంకో ముఖం తలదిండు పక్కన కావాలనిపించింది. అందులో మోసపోవడానికి ఏముంది?

నేను గుణదల దగ్గర పెరిగాను. మాది హిందువుల ఇల్లే అయినా ఫిబ్రవరిలో కొండ ఎక్కని ఏడాది లేదు. తలనీలాలు ఇచ్చేవాళ్లు, కొబ్బరికాయ కొట్టేవాళ్లు, చంటిబిడ్డను మాత పాదాల దగ్గర పడుకోబెట్టేవాళ్లు. ఆ విగ్రహం ఎప్పుడు, ఎవరి చేతుల్లో తయారైందని అక్కడ ఎవరూ ఎవరినీ అడగగా వినలేదు. అడిగినా ఆ తల్లులు బిడ్డను తిరిగి ఎత్తుకునేవాళ్లు కాదు.

మీ అమ్మ కతోలికురాలు కాబట్టి ఆమె చర్చి మాటే ఆమెకు చెప్పండి. 1998 మే 24న టూరిన్‌లో ఆ బట్ట ముందు నిలబడి రెండవ జాన్ పాల్ పోపు, ఇది నమ్మక విషయం కాదు, దీని వయసు తేల్చే అధికారం చర్చికి లేదు, ఆ పని శాస్త్రవేత్తలది అన్నారు. సువార్తకు అద్దం లాంటిదని కూడా అదే రోజు అన్నారు. 2013లో ఫ్రాన్సిస్ పోపు దాన్ని ప్రతిమ అన్నారు తప్ప అసలు ప్రేతవస్త్రమని ఒప్పించాలని చూడలేదు. కతోలికులెవరూ ఆ బట్టను నమ్మి తీరాలన్న నియమం లేదు. నమ్మనివాళ్లు విశ్వాసంలో తక్కువా కారు, దాని ముందు ప్రార్థించేవాళ్లు అజ్ఞానులూ కారు. ఇది మీ విచారణ గురువులను (ఊరి చర్చి ఫాదరుగారిని) అడిగినా చెబుతారు. ఆయన నోట వింటే అమ్మకు ఇంకా నిబ్బరం.

ఇప్పుడు మీరేం చెయ్యొచ్చో చూద్దాం.

"నేను తప్పు చెప్పానమ్మా, అది యేసు బట్టే" అనడం మీకు అన్నిటికన్నా తేలిగ్గా తోస్తోంది. రెండు రోజులు పని చేస్తుంది కూడా. కానీ మీ అమ్మ పిచ్చిది కాదు. కొడుకు తనను ఊరడించడానికి అబద్ధమాడుతున్నాడని కనిపెడుతుంది. అప్పుడు "మీ నాన్న మోసపోయాడా" అన్న ప్రశ్నకు అవునని మీరే జవాబు చెప్పినట్టు అవుతుంది, మోసమే కాకపోతే కప్పిపుచ్చడం దేనికి? పైగా మీ బావ గ్రూపులో ఇంకో వీడియో పెట్టిన రోజున ఆమె మళ్లీ ఒంటరిదైపోతుంది.

ఏమీ మాట్లాడకుండా కాలానికి వదిలెయ్యడం రెండో దారి. మన ఇళ్లల్లో చాలామంది చేసేది ఇదే. కొన్ని విషయాలు అలాగే సర్దుకుంటాయి కూడా. ఇది సర్దుకుంటుందని నాకనిపించడం లేదు. ఆమె మిమ్మల్ని నోరు తెరిచి అడిగింది. మీరు జవాబివ్వకుండా విమానం ఎక్కారు. ఆ మౌనానికి అర్థమేమిటో ఆమె రోజూ తనకు తానే చెప్పుకుంటోంది.

మూడో దారి కష్టం. పరీక్ష గురించి మీరన్నది వెనక్కి తీసుకోకుండా, మీరు వాడిన మాట ఒక్కటే వెనక్కి తీసుకోవడం. "అమ్మా, ఆ బట్ట అంత పాతది కాదనే నేను ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ దొంగబట్ట అన్నది నా నోటి తొందర. బావ ముందు తెలివి చూపించుకోవాలనుకున్నాను. అది నాన్న ప్రార్థన చేసుకున్న పటమని ఆ క్షణంలో గుర్తు రాలేదు." ఇలా అంటే ఆమె ఏడవొచ్చు, కోప్పడొచ్చు, మేనమామ చెప్పిందే నిజమని వాదించొచ్చు. వాదిస్తే వాదించనివ్వండి, గెలవాలని చూడకండి. ఆమె ఆ బట్ట అసలుదేనని చివరిదాకా నమ్మితే మీకు పోయేదేమీ లేదు. నాకైతే ఈ దారే మంచిదనిపిస్తోంది. కానీ మీ అమ్మను మీరు ఎరిగినంత నేను ఎరగను. ఆమెకు ఎదురుగా కూర్చుంటేనే మాట ఎక్కుతుందనుకుంటే, ఫోనులో ఒక్క క్షమాపణ మాత్రం చెప్పి మిగతాది మే నెలకు ఉంచుకోండి.

బావగారి విషయం. ఆయన వాదనలో ఒకటి గట్టిదే. యోహాను సువార్త ఇరవయ్యో అధ్యాయంలో సమాధిలో నారబట్టలు పడి ఉన్నాయని, తల రుమాలు వేరుగా చుట్టిపెట్టి ఉందని ఉంది. ఒకే పొడుగాటి బట్ట మీద ముఖంతో సహా ఆకారం పడటానికి ఇది పొసగదని ఆయన అని ఉంటారు. అసలుదని నమ్మేవాళ్లు మత్తయి సువార్తలో ఒక్క నారబట్ట అనే ఉందని చూపిస్తారు, తల రుమాలు విడిగా స్పెయిన్‌లోని ఒవియెదోలో ఉందంటారు. వాదం తెగదు. ప్రొటెస్టెంటులు పవిత్ర అవశేషాలను ప్రశ్నించడం కొత్తా కాదు, 1543లోనే కాల్విన్ వాటి మీద పుస్తకం రాశాడు. మీ బావకు ఆ అభిప్రాయం ఉండే హక్కు ఉంది. విధవరాలైన అత్తగారి ఇంట్లో, మామగారి పూజ రోజున, ఆమె ఎంగిలి కంచాలు ఎత్తుతుండగా "విన్నారా అత్తయ్యా" అని నవ్వే హక్కు లేదు. ఈ మాట గ్రూపులో అనకండి. అందరి ముందూ అంటే ఆయన వాదనకు దిగుతారు, మధ్యలో మీ అక్క నలిగిపోతుంది. ఫోను చేసి ఒక్కరితోనే చెప్పండి: "బావా, ఆ రోజు జవాబు చెప్పింది నేను, మొదటి తప్పు నాది. మీరు నమ్మేది నమ్మండి. అమ్మ చూసే చోట ఆ వీడియోలు వద్దు, నా కోసం ఆపండి." తప్పులో మీ వాటా ముందు మీరే ఒప్పుకుంటే ఆయన దిగిరావడం తేలిక. రాకపోతే అక్కతో మాట్లాడండి. అదే రోజు మేనమామకూ ఫోను చెయ్యండి. అమ్మ పక్షాన ఉన్నట్టు కనిపిస్తున్నా ఆయన వీడియోలూ ఆమెను అదే పుండు మీద పొడుస్తున్నాయి.

ప్రయాణం మానిపించకండి. కానీ బయల్దేరే ముందే ఒక సంగతి చెప్పండి, మీకు తెలిసే ఉంటుంది: మామూలు రోజుల్లో ఆ బట్టను చూపించరు. 2015లో ఏప్రిల్ 19 నుంచి జూన్ 24 దాకా పెద్ద ప్రదర్శన జరిగింది. మిగతా కాలమంతా అది కతెడ్రల్‌లో ఎడమవైపు చివర, మూసిన పెట్టెలో, పాడు కాకుండా ఆర్గాన్ వాయువు నింపి, చాపలా పరిచి ఉంచుతారు. వచ్చినవాళ్లకు కనిపించేది ఆ పెట్టె, పైన ఆ ముఖం ఫొటో. ఇంత దూరం వచ్చాక ఇది తెలిస్తే అదీ ఒక మోసంలా అనిపిస్తుంది ఆమెకు. ముందే తెలిస్తే, తన ఇంట్లో ఉన్న ముఖమే అక్కడా ఉందని చూసుకుంటుంది.

ఆ పక్కనే ఉన్న గ్వారీని మందిరం కథ కూడా చెప్పండి. 1997 ఏప్రిల్‌లో ఒక రాత్రి అక్కడ మంటలు లేచాయి. మారియో త్రెమాతోరే అనే అగ్నిమాపక ఉద్యోగి, తూటాలకు పగలని గాజును సమ్మెటతో కొట్టి కొట్టి పగలగొట్టి ఆ పెట్టెను బయటికి మోసుకొచ్చాడు. కార్బన్ ఫలితం వచ్చి అప్పటికి ఎనిమిదిన్నరేళ్లు. సాన్ దొమేనికో వీధిలోని మ్యూజియంలో పియా వాడిన కెమెరా ఉంది, అదీ చూపించండి. నడవగలిగితే ఆదివారం ఆ కతెడ్రల్‌లోనే దివ్యబలిపూజకు తీసుకెళ్లండి. భాష రాకపోయినా ఎక్కడ మోకరించాలో ఎక్కడ లేవాలో ఆమెకు తెలుసు. ఆ గంటసేపు ఆ గుళ్లో కొత్తవారు మీరే అవుతారేమో.

రావడం ఇష్టం లేదంటే బలవంతపెట్టకండి, టికెట్ల డబ్బు సంగతి ఎత్తకండి. అక్టోబరులో మళ్లీ అడగొచ్చు.

పటం ఎక్కడ పెట్టావని మాత్రం అడగకండి. గోడకు తిరిగి తగిలించమనీ అనకండి. వచ్చే ఆదివారం ఆమె గుడి నుంచి వచ్చే వేళకు ఫోను చేసి, నాన్న ఆ పటం ముందు రాత్రిపూట ఏమని ప్రార్థించేవారో అడగండి. మీరు ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆ వేళకు నిద్రపోయే ఉంటారు. ఆమె మేలుకునే ఉండేది.